ఇన్‌కమ్‌ట్యాక్స్ వాళ్ల మెయిల్ వచ్చిందా? లింకు నొక్కే ముందు ఇలా చూసుకోండి

మా బాబాయి హైస్కూలు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఒక ఆగస్టు ఉదయం ఫోన్ చేసి, "ఒరేయ్, ఇన్‌కమ్‌ట్యాక్స్ వాళ్ల దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. రిఫండ్ శాంక్షన్ అయిందట. పింఛను పడే అకౌంట్ ఇవ్వనా, మీ పిన్నితో ఉన్న జాయింట్ అకౌంట్ ఇవ్వనా?" అని అడిగారు. అప్పటికే లింకు నొక్కేశారు. పాన్ నంబరు, పుట్టిన తేదీ, డెబిట్ కార్డు నంబరు కొట్టేశారు. "ఇప్పుడు ఏటీఎం పిన్ అడుగుతోంది, డబ్బు వెయ్యడానికి పిన్ ఎందుకురా?" అన్న అనుమానం వచ్చి ఆగారు. ఆ అనుమానమే ఆయన పింఛను డబ్బును కాపాడింది. వెంటనే బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించాం.

బాబాయికి పన్నుల సంగతి తెలియక కాదు. ఏటా తన రిటర్ను తనే వేసుకుంటారు. ఆ రోజుల్లో ఆయన నిజంగానే రిఫండ్ కోసం ఎదురుచూస్తున్నారు, సరిగ్గా అప్పుడే మెయిల్ వచ్చింది. ఇందులో మోసగాళ్ల గొప్పతనమేమీ లేదు. 2024లో జూలై 31 నాటికే 7 కోట్ల 28 లక్షల రిటర్నులు దాఖలయ్యాయి. ఆ సీజన్‌లో కళ్లు మూసుకుని లక్ష మందికి రిఫండ్ మెయిల్ పంపినా, అందులో వేల మంది నిజంగా రిఫండ్ కోసం చూస్తున్నవాళ్లే ఉంటారు.

అందుకే ఈ పద్ధతి రాస్తున్నాను. దీనికి కంప్యూటర్ తెలివి పెద్దగా అక్కర్లేదు. ఒక్క అలవాటు చాలు: మెయిల్ నిజమో కాదో ఆ మెయిల్‌నే అడగకండి. మీ దారిన మీరు పోర్టల్‌కి వెళ్లి చూసుకోండి. మిగతా గుర్తులన్నీ దీని తర్వాతే.

మొదటి పని: మెయిల్ పక్కన పెట్టి పోర్టల్ తెరవండి

మెయిల్‌లోని లింకు, అటాచ్‌మెంటు, క్యూఆర్ కోడ్, ఫోన్ నంబరు, వీటిలో దేన్నీ ముట్టుకోకండి. బ్రౌజర్ తెరిచి అడ్రస్ మీరే టైప్ చేయండి: ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్. గవ్ అంటే జీ, ఓ, వీ అనే మూడు అక్షరాలు. 2021 జూన్ 7 నుంచి రిటర్నులు వేసే పోర్టల్ ఇదే. ఒకసారి సరిగ్గా టైప్ చేసి బుక్‌మార్క్ పెట్టుకుంటే మళ్లీ మళ్లీ టైప్ చేసే పని ఉండదు. గూగుల్‌లో "ఇన్‌కమ్‌ట్యాక్స్ రిఫండ్" అని వెతికి పైన కనబడిన లింకు నొక్కే అలవాటుంటే మానుకోండి. పైన వచ్చేవి ఒక్కోసారి ప్రకటనలు, డబ్బు కట్టి ఎవరైనా పెట్టించుకోవచ్చు.

యూజర్ ఐడీ దగ్గర పాన్ నంబరు ఇచ్చి ముందుకు వెళ్తే, రిజిస్టర్ చేసుకున్నప్పుడు మీరు పెట్టుకున్న సెక్యూర్ యాక్సెస్ మెసేజ్ కనిపిస్తుంది. "ఇది నాదే" అని టిక్ పెట్టాకే పాస్‌వర్డ్ కొట్టాలి. చాలామంది ఆ మాటను చదవకుండానే టిక్ పెట్టేస్తారు. దయచేసి చదవండి. మీరు పెట్టుకున్న మాట కనబడకపోతే, ఆ పేజీలో పాస్‌వర్డ్ కొట్టకండి. మాట కనబడినా అడ్రస్ బార్ చూడటం మానొద్దు, ఎందుకంటే ఆ మాటను కూడా అసలు సైటు నుంచి తెచ్చి చూపించగలిగే మోసగాళ్లు ఉండొచ్చు.

లోపలికి వెళ్లాక మెయిల్ దేని గురించో దాన్నిబట్టి చూడండి. రిఫండ్ గురించయితే ఈ-ఫైల్ మెనూలో, ఇన్‌కమ్‌ట్యాక్స్ రిటర్న్స్ కింద, వ్యూ ఫైల్డ్ రిటర్న్స్‌లో మీ రిటర్ను ఏ దశలో ఉందో కనిపిస్తుంది. నోటీసు అంటే పెండింగ్ యాక్షన్స్‌లో ఈ-ప్రొసీడింగ్స్ చూడాలి. పన్ను బాకీ ఉందంటే అదే పెండింగ్ యాక్షన్స్‌లో రెస్పాన్స్ టు అవుట్‌స్టాండింగ్ డిమాండ్ అని ఉంటుంది. రిఫండ్, నోటీసు, డిమాండ్ లాంటిది నిజంగా మీకు వచ్చి ఉంటే దాని ఆనవాలు లాగిన్‌లో దొరుకుతుంది.

రిఫండ్ విషయంలో ఇంకో సులువైన పరీక్ష ఉంది. మీరు వేసిన రిటర్ను కాపీ తీసి, అందులో ఎంత రిఫండ్ రావాలని ఉందో చూడండి. బాబాయికి రిటర్ను ప్రకారం రావలసింది 4 వేల చిల్లర, మెయిల్‌లో ఉన్నది 18 వేల పైమాటే. వడ్డీ కలిసి అసలు రిఫండ్ కొంచెం పెరగడం మామూలే, కానీ నాలుగు రెట్లు కాదు. మీ రిటర్నులో రిఫండే లేకపోతే, ఇక ఆ మెయిల్ గురించి ఆలోచించే పనే లేదు.

రెండో పని: నోటీసు అయితే డిన్ నంబరు సరిచూడండి

ఈ సదుపాయం ఉందని చాలామందికి తెలియదు. నేను రిటర్నులు వేసిపెట్టే చుట్టాల్లో, ఇరుగుపొరుగువాళ్లలో దీని పేరు విన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. 2019 అక్టోబరు 1 నుంచి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే నోటీసు, ఆర్డరు, సమన్లు, ఉత్తరాలకు డాక్యుమెంట్ ఐడెంటిఫికేషన్ నంబర్ ఉండాలని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఆ ఏడాది ఆగస్టులో 19వ నంబరు సర్క్యులర్ ఇచ్చింది. దాన్నే పొట్టిగా డిన్ అంటారు. కొన్ని మినహాయింపులు తప్ప, డిన్ లేని కాగితం చెల్లదు.

పోర్టల్ మొదటి పేజీలో క్విక్ లింక్స్ అనే వరుస ఉంటుంది. అందులో "ఆథెంటికేట్ నోటీస్/ఆర్డర్ ఇష్యూడ్ బై ఐటీడీ" అనేది నొక్కండి. లాగిన్ అవసరం లేదు. డిన్, మీ మొబైల్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది, అది కొడితే ఆ నంబరుతో శాఖ నిజంగా ఏదైనా కాగితం ఇచ్చిందో లేదో చెబుతుంది. డిన్ కనబడకపోతే పాన్, కాగితం రకం, అసెస్‌మెంట్ ఇయర్, జారీ చేసిన తేదీ ఇచ్చి కూడా చూడొచ్చు.

ఒక జాగ్రత్త. నకిలీ నోటీసులో కూడా డిన్ అని ఏదో పొడుగాటి నంబరు వేస్తారు. నంబరు ఉందని తృప్తి పడకుండా దాన్ని కొట్టి చూడండి. ఇంకొకరి అసలు నోటీసు నంబరును తెచ్చి అతికించే అవకాశమూ ఉంది కాబట్టి, వచ్చిన వివరాలు మీ కాగితంతో సరిపోతున్నాయో లేదో చూడండి.

మూడో పని: పంపినవారి అడ్రస్ పూర్తిగా విప్పి చూడండి

ఫోన్‌లో మెయిల్ తెరవగానే పైన కనిపించేది పేరు మాత్రమే. "ఇన్‌కమ్‌ట్యాక్స్ డిపార్ట్‌మెంట్, గవర్నమెంట్ ఆఫ్ ఇండియా" అని ఎవరైనా పెట్టుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ పేరు మీద నొక్కితే అసలు అడ్రస్ బయటపడుతుంది. @ గుర్తు తర్వాత ఏముందన్నదే ముఖ్యం. శాఖ మెయిళ్లు ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్ నుంచి వస్తాయి. రిటర్నులను ప్రాసెస్ చేసే బెంగళూరు కేంద్రం మెయిళ్లు సీపీసీ డాట్ ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్ నుంచి వస్తాయి. పెద్ద లావాదేవీల గురించి గుర్తుచేసేవి ఇన్‌సైట్ డాట్ గవ్ డాట్ ఇన్ నుంచి కూడా రావచ్చు. గవ్ డాట్ ఇన్ అనే చివరను ప్రభుత్వ సంస్థలకు తప్ప వేరెవరికీ ఇవ్వరు. డాట్ కామ్, డాట్ ఆర్గ్, జీమెయిల్, అవుట్‌లుక్ ఉంటే అది శాఖ కాదు.

అడ్రస్ చదవడంలోనే చాలామంది దెబ్బతింటారు. వెబ్ అడ్రస్ మన పోస్టు అడ్రస్ లాంటిది. గాంధీనగర్ హైదరాబాద్‌లోనూ ఉంది, విజయవాడలోనూ ఉంది. ఉత్తరం ఏ ఊరికి వెళ్లాలో చెప్పేది చివరి మాట. వెబ్‌లోనూ అంతే. మొదట్లో ఉండే https:// వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత (/)కు ముందున్న భాగాన్ని కుడి నుంచి ఎడమకు చదవండి. "ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్ డాట్ రిఫండ్‌స్టేటస్ డాట్ కామ్" అని ఉంటే, ముందున్న గవ్ డాట్ ఇన్ అంతా అలంకారం. ఆ సైటు అసలు ఇల్లు రిఫండ్‌స్టేటస్ డాట్ కామ్. "ఇన్‌కమ్‌ట్యాక్స్-గవ్-ఇన్ డాట్ కామ్" అని చుక్కల బదులు చిన్న గీతలు పెట్టినా అంతే. చిన్న ఎల్ బదులు ఒకటి అంకె, ఓ బదులు సున్నా, ఎమ్ బదులు ఆర్, ఎన్ పక్కపక్కన పెట్టడం లాంటివి చిన్న తెరమీద కంటికి ఆనవు. అందుకే కళ్లను నమ్ముకోవడం కంటే బుక్‌మార్క్ నయం.

పంపినవారి అడ్రస్ అచ్చంగా శాఖదిలాగే కనబడినా ఫోర్జరీ అయ్యే వీలుంది. కంప్యూటర్‌లో జీమెయిల్ వాడేవాళ్లు, పంపినవారి పేరు కింద ఉండే చిన్న బాణం నొక్కితే "మెయిల్డ్-బై", "సైన్డ్-బై" అని రెండు వరసలు వస్తాయి. అక్కడ కూడా గవ్ డాట్ ఇన్ ఉండాలి. ఇంకా లోతుగా కావాలంటే మూడు చుక్కల మెనూలో "షో ఒరిజినల్" నొక్కండి. మెయిల్ ఏ డొమైన్ (అంటే @ తర్వాత ఉండే పేరు) నుంచి వచ్చిందో సరిచూసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు పరీక్షల పక్కన పాస్ అని ఉందో ఫెయిల్ అని ఉందో కనిపిస్తుంది. ఫెయిల్ అయితే అనుమానించాలి. పాస్ అయితే మాత్రం, ఆ మెయిల్ ఫలానా డొమైన్ నుంచే వచ్చిందని తప్ప ఆ డొమైన్ శాఖదేనని అర్థం కాదు. మోసగాడు తన సొంత డొమైన్ కొనుక్కుని పంపినా మూడూ పాస్ అవుతాయి.

నాలుగో పని: ఏం అడుగుతున్నారో చూడండి

నా దృష్టిలో భాష కంటే, లోగో కంటే ఇదే గట్టి గుర్తు. కార్డు నంబరు, సీవీవీ, పిన్, నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డ్ లాంటివి మెయిల్‌లో అడగబోమని శాఖ తన వెబ్‌సైట్లోనే చెప్పింది. రిఫండ్ పడటానికి వీటిలో ఏదీ అవసరం లేదు. 2019 మార్చి నుంచి రిఫండ్ అంతా పాన్‌తో ముడిపడిన, పోర్టల్‌లో ముందే వాలిడేట్ చేసుకున్న బ్యాంకు ఖాతాలోకే వస్తోంది. ఖాతా తప్పయి రిఫండ్ వెనక్కి వెళ్తే, మీరే లాగిన్ అయి ఖాతా సరిచేసి, రిఫండ్ రీఇష్యూకి రిక్వెస్టు పెట్టుకోవాలి. మెయిల్‌లోని ఫారం నింపితే జరిగే పని కాదు.

2023 ఆగస్టులో దేశమంతా తిరిగిన ఒక మెసేజ్ ఇక్కడ చెప్పాలి. మీకు 15,490 రూపాయల రిఫండ్ మంజూరైంది, త్వరలో జమ అవుతుంది, ఖాతా నంబరు 5తో మొదలై 6755తో ముగుస్తుంది, తప్పయితే కింది లింకులో సరిచేసుకోండి అని అందులో ఉంది. అది నకిలీ అని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ నడిపే ఫ్యాక్ట్‌చెక్ ప్రకటించింది. అందులోని కిటుకు చూడండి. ఆ ఖాతా నంబరు మీది కాదు కాబట్టి, "అయ్యో, నా డబ్బు ఎవరికో వెళ్లిపోతోంది" అన్న కంగారులో మీరే పరిగెత్తుకెళ్లి లింకు నొక్కుతారు. ఆశ పెట్టి కాదు, చేతికొచ్చింది పోతుందన్న భయం పెట్టి లాగడమది.

బాకీ గురించి వచ్చే మెయిళ్లు ఇంకో రకం. "24 గంటల్లో కట్టకపోతే అరెస్టు", "ఖాతాలు ఫ్రీజ్" అని బెదిరిస్తాయి. అసలు పద్ధతిలో ఇంత తొందర ఉండదు. రిటర్నులో సర్దుబాటు చేయబోతున్నామని చెప్పే నోటీసుకు జవాబివ్వడానికి 30 రోజులు ఇస్తారు. రిటర్నులో లోపం ఉందనే నోటీసుకు 15 రోజులు. కట్టాల్సి వచ్చినా పోర్టల్‌లోని ఈ-పే ట్యాక్స్ ద్వారానే కడతాం. ఆఫీసరు పేరు మీదున్న యూపీఐ ఐడీకో, ఎవరి ఖాతాకో పంపమంటే అది పన్ను కాదు, దోపిడీ.

పాన్ పేరుతో వచ్చేవి కూడా చాలా ఉన్నాయి. పాన్-ఆధార్ జోడించకపోతే 2023 జూలై 1 నుంచి పాన్ పనిచేయదన్న నిబంధన నిజంగానే వచ్చింది కాబట్టి, "మీ పాన్ ఈ రాత్రికి బ్లాక్ అవుతుంది" అంటే జనం నమ్ముతారు. పాన్ సేవలను ఆధునికీకరించే పాన్ 2.0 ప్రాజెక్టుకు 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపాక, "కొత్త ఈ-పాన్ ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోండి" అన్న మెయిళ్లు తిరిగాయి. అవీ నకిలీవేనని పీఐబీ హెచ్చరించింది. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి రావడంతో సెక్షన్ నంబర్లు మారాయి. పాత సంవత్సరాల రిటర్నులకు మాత్రం పాత చట్టమే వర్తిస్తుంది. అంటే కొన్నేళ్లపాటు రెండు రకాల సెక్షన్లూ కనిపిస్తాయి. సెక్షన్ నంబరు తెలిసినట్టుందనో, ఎప్పుడూ వినలేదనో చూసి మెయిల్ నిజమో కాదో తేల్చకండి.

తప్పుల తడక ఇంగ్లీషు ఉంటే నకిలీ అని ఒకప్పుడు చెప్పేవాళ్లం. ఇప్పుడది పనికిరాదు. ఏఐతో ఎవరైనా చక్కటి ఇంగ్లీషులో, చక్కటి తెలుగులో కూడా రాయించుకోవచ్చు. మీ పేరు, పాన్ నంబరు సరిగ్గా ఉన్నాయి కాబట్టి అసలుదే అనుకోవడం కూడా ప్రమాదమే. లోన్‌కి, అద్దెకి, సిమ్‌కి, ఉద్యోగానికి మన పాన్ జిరాక్సులు ఎన్ని చోట్ల ఇచ్చామో మనకే గుర్తుండదు. అడ్రస్ బార్‌లో తాళం గుర్తు ఉందని ధైర్యపడకండి. మధ్యలో ఎవరూ చదవకుండా సమాచారం వెళ్తోందని మాత్రమే ఆ తాళం చెబుతుంది. అవతల ఉన్నది దొంగే అయినా తాళం పడుతుంది.

అటాచ్‌మెంట్ల సంగతి

రిటర్ను ప్రాసెస్ చేశాక శాఖ పంపే ఇంటిమేషన్, అంటే 143(1) కాగితం, పీడీఎఫ్‌గా వస్తుంది. దానికి పాస్‌వర్డ్ ఉంటుంది: మీ పాన్ చిన్న అక్షరాల్లో, వెంటనే పుట్టిన తేదీ 8 అంకెల్లో. "పాస్‌వర్డ్ 123456" అని మెయిల్‌లోనే రాసి, జిప్ ఫైలు జతచేసి పంపితే తెరవకండి. అలా పాస్‌వర్డ్ పెట్టేది చాలాసార్లు యాంటీవైరస్‌కి లోపలున్నది కనబడకుండా చేయడానికే. జిప్ లోపల ఈఎక్స్‌ఈ ఫైలుంటే అది నోటీసు కాదు, మీ కంప్యూటర్‌ను వాళ్ల చేతికిచ్చే ప్రోగ్రాం. ఆఫీసుల్లో అకౌంట్స్ చూసేవాళ్లు, ఆడిటర్ల దగ్గర పనిచేసేవాళ్లు ఈ విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. వాళ్ల కంప్యూటర్‌లో వందల మంది క్లయింట్ల పాస్‌వర్డులు, ఫారం 16లు ఉంటాయి.

హెచ్‌టీఎమ్ఎల్ ఫైలు, అంటే వెబ్ పేజీ ఫైలు, ఇంకో ఎత్తు. తెరిస్తే బ్రౌజర్‌లో లాగిన్ పేజీ వస్తుంది. "నోటీసు చూడటానికి మీ ఈమెయిల్ పాస్‌వర్డ్ ఇవ్వండి" అంటుంది. నోటీసుకూ మీ ఈమెయిల్ పాస్‌వర్డ్‌కూ ఏ సంబంధమూ లేదు.

ఏపీకే, అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ పెట్టే ఫైలు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 2021 సెప్టెంబరులో మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్, డ్రినిక్ అనే ఆండ్రాయిడ్ వైరస్ గురించి హెచ్చరిక ఇచ్చింది. అది 27కు పైగా బ్యాంకుల ఖాతాదారులకు గురిపెట్టింది. లింకు నొక్కితే శాఖ సైటు లాంటి పేజీ, అక్కడ "వెరిఫికేషన్" కోసం ఒక యాప్ ఇన్‌స్టాల్ చేసుకోమని. యాప్ పెట్టగానే ఎస్ఎంఎస్‌లు, కాల్స్, కాంటాక్టులు చూసే అనుమతులు అడుగుతుంది. తర్వాత పాన్, ఆధార్, ఖాతా నంబరు, కార్డు నంబరు, సీవీవీ, పిన్ అన్నీ నింపమంటుంది. చివర్లో రిఫండ్ మొత్తం చూపించి "ట్రాన్స్‌ఫర్" నొక్కమంటుంది. నొక్కితే ఎర్రర్ వచ్చి, ఫోన్ అప్‌డేట్ అవుతున్నట్టు ఒక తెర వస్తుంది. ఆ తెర వెనకాల వాళ్లు మీ వివరాలన్నీ, ఓటీపీలతో సహా, లాగేసుకుంటుంటారు. ఎస్ఎంఎస్ అనుమతి ఇచ్చేశారు కాబట్టి ఓటీపీ మీరెవరికీ చెప్పకపోయినా వాళ్లకు చేరుతుంది. శాఖకు సొంత యాప్‌లు ఉన్నాయి, కానీ అవి ప్లేస్టోర్‌లో, యాప్‌స్టోర్‌లో దొరుకుతాయి. మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో వచ్చిన ఏపీకే ఏ పేరుతో ఉన్నా పెట్టుకోవద్దు.

అసలు మెయిల్‌ని పారేయకండి

నకిలీల భయంతో అన్నిటినీ డిలీట్ చేసేవాళ్లు ఉన్నారు. దాని నష్టం కూడా చిన్నది కాదు. శాఖ నిజంగానే మెయిళ్లు పంపుతుంది, అందులో లింకులు కూడా ఉంటాయి. లోపాల నోటీసుకు గడువులో జవాబివ్వకపోతే రిటర్ను వేయనట్టే అయిపోవచ్చు. అనుమానం ఉన్న మెయిల్ వచ్చిన ప్రతిసారీ పోర్టల్ చూడమనేది అందుకే. నకిలీ అయితే అక్కడ ఏమీ ఉండదు, అసలుదైతే అక్కడే జవాబిచ్చేయొచ్చు. అర్థం కాకపోతే మీ ఆడిటర్ గారికి ఫోన్ చేయండి, లేదా ఈ-ఫైలింగ్ హెల్ప్‌డెస్క్ టోల్‌ఫ్రీ నంబర్లు 1800 103 0025, 1800 419 0025లో దేనికైనా చేయండి. మెయిల్‌లో ఉన్న "హెల్ప్‌లైన్" నంబరుకు మాత్రం చేయొద్దు.

ఎస్ఎంఎస్‌లకు ఇప్పుడో చిన్న గుర్తు ఉంది. 2025 నుంచి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం, ప్రభుత్వ మెసేజ్‌లు పంపినవారి పేరు చివర చిన్న గీత, జీ అక్షరం వస్తున్నాయి. మామూలు పది అంకెల మొబైల్ నంబరు నుంచి "ఇన్‌కమ్‌ట్యాక్స్ శాఖ" మెసేజ్ పెట్టదు.

వ్యాపారులకు జీఎస్టీ పేరుతో నకిలీ సమన్లు వస్తుంటాయి. వాటికీ 2019 నవంబరు నుంచి విడిగా డిన్ పద్ధతి ఉంది. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సీబీఐసీ వెబ్‌సైట్లో వెరిఫై చేసుకోవచ్చు.

ఇప్పటికే నొక్కేశారా?

సిగ్గుపడి దాచకండి. నా అనుభవంలో డబ్బు పోవడానికి పెద్ద కారణం నొక్కడం కాదు, నొక్కాక ఇంట్లో తిడతారని రెండు రోజులు చెప్పకుండా ఉండటం.

లింకు తెరిచి ఏమీ నింపకుండా మూసేస్తే, ఏ ఫైలూ డౌన్‌లోడ్ కాలేదని చూసుకుని ఊరుకోవచ్చు. పోర్టల్ పాస్‌వర్డ్ ఇచ్చేసి ఉంటే, వెంటనే అసలు పోర్టల్‌కి వెళ్లి మార్చండి. తర్వాత మై ప్రొఫైల్‌లో మొబైల్ నంబరు, ఈమెయిల్, బ్యాంకు ఖాతా ఎవరైనా మార్చారేమో చూడండి. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతుంటే అక్కడా మార్చాలి. పోర్టల్‌లో ఈ-ఫైలింగ్ వాల్ట్ అనే అదనపు రక్షణ ఉంది. అది ఆన్ చేస్తే పాస్‌వర్డ్ ఒక్కటే సరిపోదు, ఆధార్ ఓటీపీ లేదా నెట్‌బ్యాంకింగ్ లాంటిది కూడా కావాలి. ఇది అందరూ ఇప్పుడే ఆన్ చేసుకోవాల్సిన పని.

కార్డు వివరాలో, ఓటీపీయో ఇచ్చేసి ఉంటే ముందు బ్యాంకుకు ఫోన్ చేయండి, కార్డు వెనక ఉన్న నంబరుకు. కార్డు, నెట్‌బ్యాంకింగ్, యూపీఐ ఆపించండి. డబ్బు పోయి ఉంటే ఆ వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఇది సైబర్ ఆర్థిక మోసాల జాతీయ హెల్ప్‌లైన్. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకుతూ పోతుంది, మధ్యలో ఎక్కడో ఆపగలగాలంటే మొదటి గంటలే కీలకం. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. మెయిల్‌ని డిలీట్ చేయొద్దు. స్క్రీన్‌షాట్లు, లావాదేవీ నంబర్లు, సమయం దగ్గర పెట్టుకోండి.

రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన నిబంధన ఒకటి ఇక్కడ పనికొస్తుంది. వివరాలు మనమే ఇచ్చేసిన కేసుల్లో బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మనదే, చెప్పిన తర్వాత జరిగేది బ్యాంకుది. అందుకే పూర్తిగా ఖాతా ఖాళీ అయ్యేదాకా ఆగకుండా, అనుమానం వచ్చిన నిమిషమే చెప్పి, కంప్లయింట్ నంబరు తీసుకోండి.

యాప్ పెట్టుకుని ఉంటే ముందు ఆ ఫోన్‌లో ఇంటర్నెట్ ఆపండి. బ్యాంకుకు వేరే ఫోన్ నుంచి చేయండి. యాప్ అన్‌ఇన్‌స్టాల్ కాకపోతే సెట్టింగ్స్‌లో డివైజ్ అడ్మిన్, యాక్సెసిబిలిటీ అనుమతులు తీసేసి మళ్లీ ప్రయత్నించండి. ఖచ్చితంగా పోయిందన్న నమ్మకం కావాలంటే ఫోటోలు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయడం మంచిది. పాస్‌వర్డులు ఆ ఫోన్‌లో కాకుండా ఇంకో ఫోన్‌లో మార్చండి.

నష్టం జరగకపోయినా నకిలీ మెయిల్‌ని రిపోర్టు చేయండి. శాఖ వెబ్‌మేనేజర్ @ ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్‌కి ఫార్వర్డ్ చేసి, ఒక కాపీ సెర్ట్-ఇన్‌కి, ఇన్సిడెంట్ @ సెర్ట్-ఇన్ డాట్ ఆర్గ్ డాట్ ఇన్‌కి పంపమని శాఖే చెబుతోంది. ఒక నకిలీ సైటు మూతపడితే మీలాంటి ఇంకో పదిమంది బయటపడతారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు

అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ సాధారణంగా మొదట పోస్టులో ఉత్తరం పంపుతుంది. వ్యక్తిగత వివరాల కోసం మెయిల్‌తో, టెక్స్ట్‌తో పలకరించడం ఉండదు. నకిలీ మెయిళ్లను ఫిషింగ్ @ ఐఆర్ఎస్ డాట్ గవ్‌కి పంపొచ్చు. ఇండియాలో ఉండి అమెరికా షేర్లు కొన్నవాళ్లు, తిరిగొచ్చేసినవాళ్లు డబ్ల్యూ-8బెన్ ఫారం గురించి జాగ్రత్తపడాలి. అది తాము అమెరికా వాళ్లం కాదని చెబుతూ బ్యాంకుకో బ్రోకర్‌కో ఇచ్చే ఫారం, ఐఆర్ఎస్‌కి పంపేది కాదు. పాస్‌పోర్టు నంబరు, పిన్ లాంటివి అదనంగా కలిపి, "నింపి మాకు పంపండి" అని ఐఆర్ఎస్ పేరుతో వచ్చేది నకిలీ. వీసా భయంతో విద్యార్థులు తొందరపడతారు. పిల్లలు అక్కడుంటే ఈ మాట వాళ్ల చెవిన వేయండి.

ఇంట్లో పెద్దవాళ్ల కోసం ఒక అరగంట

ఈ ఆదివారం అమ్మానాన్నల ఫోన్ తీసుకుని పోర్టల్ బుక్‌మార్క్‌ను హోమ్ స్క్రీన్ మీద పెట్టండి. పోర్టల్‌లో ఉన్న మెయిల్, మొబైల్ నంబరు వాళ్లవేనో, రిటర్ను వేసిపెట్టినవాళ్లవో చూడండి. వేరేవాళ్లవైతే అసలు నోటీసు కూడా మీకు చేరదు. ఈ-ఫైలింగ్ వాల్ట్ ఆన్ చేయండి. కార్డు వెనక ఉన్న బ్యాంకు నంబరు, 1930, కాంటాక్టుల్లో సేవ్ చేయండి. ఒకసారి వాళ్ల చేతే లాగిన్ చేయించండి. మనం చేసి చూపిస్తే వాళ్లకు గుర్తుండదు.

బాబాయి చేత అలాగే చేయించాను. మరుసటి ఏడాది ఆయనకు ఇంకో మెయిల్ వచ్చింది, టీడీఎస్ లెక్కలో తేడా ఉందని. ఈసారి లింకు ముట్టుకోలేదు. పోర్టల్ తెరిచి, ఈ-ప్రొసీడింగ్స్‌లో చూసుకుని, నాకు ఫోన్ చేసి, "ఇది నిజందేరా, పెన్షన్ ఆఫీసు వాళ్లు ఒక క్వార్టర్ టీడీఎస్ తప్పు వేశారు. జవాబుకి 30 రోజులుంది. సాయంత్రం వస్తావా, కూర్చుని రాసేద్దాం" అన్నారు.